మీసాల తల్లి: శ్రీ గిజుభాయి బధేకా

వాక్కు మానవజాతికి లభించిన మహానిధి యని మన పూర్వులు భావించిరి. ఆ నిధికి తాళము వేయుట మాత్రము మన బడులలో మొదటి పాఠమై చాలకాలము నిలిచియుండెను. ఇంటిలో గలగల మాటలాడు నాలుగేండ్ల బాలుడు బడి గడప దాటగానే చేతులు కట్టుకొని, నోటిమీద వ్రేలు పెట్టుకొని కూర్చుండవలెను. అట్లు కూర్చున్నవాడు బుద్ధిమంతుడు, కూర్చుండనివాడు అల్లరివాడు. ఈ యాచారమును త్రోసిపుచ్చి, పసిపిల్లకు మాటలాడుటయే తొలిచదువనియు, ఆ మాట వికసించుటకు ఓపికతో వినెడు పెద్దవా రొకరు చెంత నుండవలె ననియు గ్రహించి, అందుకై చేతనున్న వృత్తిని విడనాడిన మహనీయులు గుజరాతు దేశీయులగు శ్రీ గిజుభాయి బధేకాగారు. న్యాయస్థానమున మాటలతో జీవనము సాగించినవారు, ఇంకను మాటలు కుదురని పసివారిచెంత వినుచు కూర్చుండుటకు మిగిలిన జీవితమును వెచ్చించిరి.

వీరి పూర్తి పేరు గిరిజాశంకర్ భగవాన్‌జీ బధేకా. సౌరాష్ట్రములోని చిత్తల్ అను గ్రామమున 1885వ సంవత్సరము నవంబరు 15వ తేదీన ఒక బ్రాహ్మణ కుటుంబమున జన్మించిరి. గిజుభాయి యను ముద్దుపేరే లోకమున నిలిచిపోయినది. 1907లో జీవనోపాధికై తూర్పు ఆఫ్రికాకు పోయి, కొంతకాలమునకు మరలివచ్చి, బొంబాయిలో న్యాయశాస్త్రము చదివి, వఢవాణ్‌లో వకీలుగా స్థిరపడిరి. ఇంతవరకు వీరి జీవితమున పదుగురి జీవితములలో లేని విశేషము లేదు.

1913లో వీరికి కుమారుడు కలిగెను. నరేంద్రుడని పేరు. బిడ్డ ఎదుగుచున్నకొలది తండ్రికి దిగులు పట్టుకొనెను. మన వీథిబడులలోని కోదండము, గోడకుర్చీ ఎరిగినవారికి ఆనాటి సౌరాష్ట్రపు బడులను వేరుగ వర్ణింప బనిలేదు. కుమారుని అట్టి చోటికి పంపుటకు వీరికి మనసొప్పలేదు. మరి ఎచటికి పంపవలెను? ఈ ప్రశ్నయే వీరి జీవితపు త్రోవను మరల్చెను. తండ్రులందరికిని కలుగు ప్రశ్నయే యిది. కాని తన కొడుకుకొరకు వెదకిన త్రోవను పరుల బిడ్డలందరికిని పరచినవారు అరుదు.

ఈ వెదకులాటలో వీరు వసో గ్రామమునకు చెందిన శ్రీ మోతీభాయి అమీన్‌గారిని కలిసికొనిరి. బరోడా సంస్థానమున పల్లెపల్లెను గ్రంథాలయములను నెలకొల్పిన మహోద్యమమునకు ఆయువుపట్టైనవారు ఈ మోతీభాయిగారే. అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగు పెద్దలు 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమునకు పునాది వేసినదియు ఇంచుమించు ఆ దినములలోనే. మోతీభాయిగారు వకీలుగారి ప్రశ్నకు జవాబుగా ఉపన్యాసమీయలేదు. మాంటిసోరి విద్యావిధానమును గూర్చిన పుస్తకమును చేత పెట్టిరి. తగిన పాఠకునకు తగినవేళ అందిన పుస్తకము చేయగల పనికి ఇంతకంటె మంచి దృష్టాంతము దొరకుట కష్టము.

ఆ పుస్తకమున నున్నదేమి? ఇటలీ దేశీయురాలగు మరియా మాంటిసోరి అను వైద్యురాలు 1907 జనవరి 6వ తేదీన రోము నగరమునందలి సాన్ లొరెంజో అను పేదల పేటలో ఒక బాలగృహమును తెరచెను. తల్లిదండ్రులు పనులకు పోగా మెట్లమీద, వీథులలో దిక్కులేక తిరుగు పసివారి కొరకు ఏర్పడినది అది. పిల్ల తనకు నచ్చిన వస్తువును తానే యెన్నుకొని పనిచేయును. ఉపాధ్యాయిని గమనించును; అవసరమైనపుడే దగ్గరకు వచ్చును. శిక్ష లేదు, బహుమానము లేదు. బెత్తము లేకుండ బడి నడుచునా యని సందేహించు దేశమున ఈ వార్త చదివిన వకీలుగారికి కన్ను తెరచినట్లయ్యెను.

భావనగరమున 1910లో నానాభాయి భట్టుగారు దక్షిణామూర్తి విద్యార్థి భవనమను సంస్థను స్థాపించియుండిరి. 1916లో గిజుభాయిగారు వకీలువృత్తికి స్వస్తి చెప్పి ఆ సంస్థలో చేరిరి. మొదట విద్యార్థుల వసతిగృహమును చూచుకొనిరి. పిమ్మట వినయమందిరమను ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయులైరి. అచట వీరికి తెలియవచ్చినదేమనగా, పండ్రెండు పదమూడేండ్ల వయసున వచ్చిన బాలునకు చదువు చెప్పుటకు ముందు, అంతవరకు పేరుకొన్న భయమును పోగొట్టవలసివచ్చుచున్నది. పైరు ఎర్రబారిన పిమ్మట ఎరువు వేసిన ఫలమేమి? పని నారుమడిలోనే మొదలు కావలెను. అందుచే 1920 ఆగస్టు 1వ తేదీన, రెండున్నరయేండ్లు మొదలు ఆరేండ్లలోపు పిల్లలకై బాలమందిరమును ప్రారంభించిరి. రెండేండ్లకు ఆ నగరమున తఖ్తేశ్వరుని గుట్టచెంత దానికొక సొంత భవనమేర్పడెను. శ్రీమతి కస్తూరిబా గాంధిగారు దానిని తెరచిరి.

దక్షిణామూర్తి మౌనగురువు. వటవృక్షము క్రింద శిష్యులు వృద్ధులు, గురువు యువకుడు. గురువు పలుకడు, శిష్యుల సందేహములు తీరును. ఈ కథ నెరిగినవారికి గిజుభాయిగారి బాలమందిరము దానికొక వింతయైన భాష్యమువలె తోచును. ఇచట శిష్యులు పసివారు, గురువు పెద్దవాడు. అయినను గురువు తన నోటిని అదుపులో పెట్టుకొన్నచోటనే శిష్యుల నోరు విచ్చుకొనుచున్నది. బడిలో పెద్దలు పలుకునది ఎక్కువై పిల్లలు పలుకునది తక్కువైనపుడు పిల్లలకు వచ్చునది వల్లెవేయుటయే గాని భాష కాదు.

పసిపిల్లకు మాట వచ్చు క్రమము విచిత్రమైనది. పిల్ల ముందు వినును. ఎంతయో విన్న పిమ్మట ఒక్కటి పలుకును. వాని లోపల నున్న మాటలు పైకి వచ్చిన మాటలకంటె ఎన్నియో రెట్లు అధికము. కావున పలుకని పిల్ల తెలియని పిల్ల యని తలచుట పొరపాటు. కొత్తచోటికి వచ్చిన పిల్ల దినములకొలది ఒక మూల నిలుచుండి చూచుచుండవచ్చును. వానిని నలుగురిలో నిలువబెట్టి నీ పేరేమి, నీ ఊరేమి యని గ్రుచ్చి గ్రుచ్చి యడిగినచో వాడు మరింత ముడుచుకొనును. బాలమందిరపు పద్ధతియందు అట్టి నిర్బంధమునకు చోటులేదు. చేతికి ఒక పని దొరకును. పనితోపాటు చెప్పదగిన సంగతి దొరకును. సంగతి యున్నచో మాట తానే వచ్చును.

పేర్లు నేర్పుటకు మాంటిసోరి విధానమున మూడు మెట్లు గలవు. ఎఱ్ఱనిది, నీలమైనది రెండు పలకలు పిల్లముందుంచి, ఇది యెఱుపు, ఇది నీలము అని స్పష్టముగా, అదనపు మాట లేకుండ చెప్పుట మొదటి మెట్టు. ఎఱ్ఱనిది చూపుమని యడుగుట రెండవది. ఒకదానిని చూపి ఇది యేమని యడుగుట మూడవది. మన బడులలో మొదటి మెట్టునుండి మూడవ మెట్టుకు ఒక్కసారిగా దుమికించి, పిల్ల పడగానే కోపగించుట పరిపాటి. ఈ విధానమున రెండవ మెట్టుకడ పిల్ల తడబడినచో ఉపాధ్యాయుడు తప్పని యనడు. నవ్వుచు పలకలను తీసి దాచి, మరియొక దినమున మొదటి మెట్టునుండి ఆరంభించును. మరచినవాడు పిల్ల కాదు, తొందరపడినవాడు గురువు అని దాని భావము.

మౌనక్రీడ యని మరియొకటి కలదు. పిల్లలందరు కదలక కూర్చుండి చెవి యొగ్గుదురు. ఉపాధ్యాయుడు దూరమునుండి గుసగుసగా ఒక్కొక్కరి పేరు పిలుచును. తన పేరు వినిపించిన పిల్ల చప్పుడు కాకుండ లేచి పోవును. ఆకు రాలిన సవ్వడి, దూరపు బండిచక్రపు మ్రోత ఆ నిశ్శబ్దమున తెలియవచ్చును. చూచుటకు ఇదియు వెనుకటి నోటిమీద వ్రేలివలెనే యుండవచ్చును. కాని అది భయముచే వచ్చిన మౌనము, ఇది వినుటకై కోరి తెచ్చుకొన్న మౌనము. వినుట నేర్చిన చెవియే పలుకుట నేర్చు నాలుకకు గురువు.

ఇంతవరకు గిజుభాయిగారు మాంటిసోరిగారి శిష్యులు. ఇటుపై వీరిది సొంత త్రోవ. ఆరేండ్లలోపు పిల్లలకు అభూతకల్పనల కథలు తగవని, ముందు కంటికి కనబడు లోకమును ఎరుగనిమ్మని మాంటిసోరిగారి మతము. గిజుభాయిగారు సౌరాష్ట్రపు బిడ్డ. అవ్వలు, భాటులు, పశులకాపరులు కథలు చెప్పుచు రాత్రులు గడపు దేశము అది. కథ లేని బాల్యమును వీరు ఊహింపజాలకపోయిరి. కావున మాంటిసోరి ఉపకరణముల ప్రక్కనే కథను, పాటను, నాటకమును కూర్చుండబెట్టిరి. ఇటలీనుండి వచ్చిన విత్తనమునకు గుజరాతు మట్టి కలిపినది ఇచటనే. గురువును పూజించుచునే గురువుతో భేదించుటకు ధైర్యము కావలెను; మాంటిసోరి పేరు వేదవాక్యమువలె చెల్లుచున్న ఆ దినములలో ఆ ధైర్యము మరింత గొప్పది.

1925లో వీరు కథ చెప్పు విద్యనుగూర్చి గుజరాతీలో ఒక శాస్త్రగ్రంథమునే వ్రాసిరి. ఏ వయసువారికి ఏ కథ, ఎంత నిడివి, ఏ స్వరము, ఎచట ఆగవలెను, జానపద కథను ఎంతవరకు సవరింపవచ్చును అని అందు విచారణ కలదు. కథకు ప్రథమ ప్రయోజనము ఆనందమని వీరి సిద్ధాంతము. కథ ముగియగానే నీతి యేమని ప్రశ్నించి పిల్లల నోట ఆనందమును చేదు చేయుట వీరికి గిట్టదు. మన విష్ణుశర్మ కథలు నీతికొరకే పుట్టినవి గదా యని ఎవరైన ఆక్షేపింపవచ్చును. నిజమే. కాని విష్ణుశర్మ శిష్యులు రాజ్యమేలవలసిన రాకుమారులు. గిజుభాయిగారి శిష్యులు మూడేండ్ల పసివారు. ఔషధమొకటే యైనను వయసునుబట్టి అనుపానము మారక తప్పదు.

వీరు సేకరించి పిల్లలకు చెప్పిన జానపద కథలలో ఏడుతోకల ఎలుక కథ యొకటి. ఎలుకపిల్లకు ఏడు తోకలు. బడిలో తోడివారు ఏడుతోకల ఎలుక యని గేలిచేయుదురు. అది ఏడ్చుచు ఇంటికి పోయి తల్లితో చెప్పగా తల్లి ఒక తోకను తీయించివేయుమనును. మరునాడు ఆరుతోకల ఎలుక యని గేలి. మరల ఏడుపు, మరల ఇల్లు. ఇట్లు తోకలన్నియు పోయిన పిమ్మట తోకలేని ఎలుక యనియు గేలిచేయుట మానరు. పెద్దలకు ఇందు లోకరీతి కనబడును. పసివారికి కనబడునది వేరు. వాక్యమంతయు ప్రతిసారి ఒక్కటే. లెక్క యొక్కటే మారుచున్నది. మూడవసారికి పిల్ల ముందు రాబోవునది కనిపెట్టును. నాలుగవసారి కథకుడు ఒక్క క్షణమాగినచో పిల్లలందరు తామే వాక్యమును పూర్తిచేయుదురు. ఒంటరిగా రెండుమాటలు కలిపి పలుకలేని పిల్లయు ఆ గుంపులో నిండు వాక్యమును తెలియకయే పలికివేయును. మన తెలుగు అవ్వలు చెప్పు ఏడుచేపల కథలోని రహస్యమును ఇదియే. ఎండని చేపను, మేయని ఆవును, ఏడ్చిన పిల్లవానిని, కుట్టిన చీమను వరుసగా ప్రశ్నించుచు పోవు ఆ కథలో ప్రశ్న ఎట్లు వేయవలెనో, జవాబు ఎట్లు చెప్పవలెనో పిల్ల ఆటలోనే నేర్చుకొనును. దానిని పనిలేనివారి కాలక్షేపమని త్రోసివేసినవారు భాషాబోధన యెరుగనివారు.

దలో తర్‌వాడి అనువాని కథయు ఇట్టిదే. వాడు పరుల తోటలో వంకాయలు కోసికొనుటకు తోటనే అనుమతి యడిగి, తోట బదులు తానే జవాబు చెప్పుకొనును. చివరకు తోటవాడు వానిని పట్టి నూతిలో ముంచుటకు నూతినే అనుమతి యడుగును! ఇద్దరి మాటలను ఒక్కరే మార్చిమార్చి పలుకు ఈ కథను పిల్లలు ఆడుటకు రంగస్థలము, తెర, వేషము అవసరము లేదు. గిజుభాయిగారి నాటకములు అట్టివే. బట్టీపట్టిన సంభాషణలు లేవు. కథ తెలిసిన పిల్ల తన సొంత మాటలలో పలుకును. ఒకనాడు పలికినట్లు మరునాడు పలుకకపోయినను దోషము లేదు. పాఠము అప్పజెప్పుటకును మాటలాడుటకును గల భేదము ఇచట స్పష్టమగును. ఈ పిల్లల నడుమ నేలమీద కూర్చుండి ఆడిపాడిన ఈ పెద్దమీసముల మనిషికి మీసాల తల్లి యను బిరుదు వచ్చుటలో ఆశ్చర్యమేమున్నది? పండితులిచ్చు బిరుదములలో దీనికి సాటిరాగలది కలదా యని సందేహము.

తొక్కుపలుకులను సరిదిద్దుటను గూర్చి నేటి శిశుశాస్త్రజ్ఞులు చెప్పునదియు ఈ త్రోవకు దగ్గరగానే యున్నది. కుక్కతోక యని వేలు చూపిన పిల్లను, సరిగా చెప్పుమని ఆపరాదు. అవునవును, ఆ కుక్క తోక నూపుచున్నది, ఎవరిని చూచియో యని పెద్దవారు అందుకొన్నచో, పిల్ల యిచ్చిన రెండుమాటలు నిండువాక్యమై దానికే తిరిగి చేరును. అడిగినపిమ్మట జవాబుకై ఆగుటయు అట్టిదే. పిల్ల మాట వెదకికొనుచుండగా పెద్దవారు తామే పలికివేసినచో, ఆ మాట పిల్లకు దక్కదు.

బడిలో నేర్పినదానిని ఇంటిలో చెరుపుదురను సంగతి గిజుభాయిగారికి తెలియును. నోరుమూయుమను మాట ఇంటిలోనే ఎక్కువగా వినబడును. తల్లిదండ్రులగుట కష్టమను అర్థముగల పేరుతో వీరొక గ్రంథము వ్రాసి పెద్దలను గట్టిగానే మందలించిరి. పిల్లలకు, తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు వీరు వ్రాసినవి చిన్నవి పెద్దవి కలిసి రెండువందలకు పైబడినవి. అన్నియు మాతృభాషలోనే. 1926లో శ్రీమతి తారాబాయి మోడక్‌గారితో కలిసి నూతన బాలశిక్షణ సంఘమును స్థాపించిరి; బాలమందిరములకు ఉపాధ్యాయులను తయారుచేయు అధ్యాపన మందిరమును నడపిరి.

వీరి గ్రంథములలో దేశమంతట పేరొందినది దివాస్వప్నము. 1930 ప్రాంతములలో వెలువడిన ఈ గ్రంథము శిశుతరగతిని గూర్చినది కాదు. నాలుగవ తరగతిని ఒక్క సంవత్సరము తన పద్ధతిలో నడపుటకు అనుమతి పొందిన లక్ష్మీశంకరుడను కల్పిత ఉపాధ్యాయుని కథ. తొలినాడే ఆ ఉపాధ్యాయుడు మౌనక్రీడ నాడింపబోయి అభాసుపాలగును. పిల్లలు కేకలు వేయుదురు, తలుపులు మూయుదురు, నవ్వుదురు. రాత్రి ఆలోచించుకొని మరునాడు కథ చెప్ప నారంభించును, తరగతి సద్దుమణగును. తాము నమ్మిన పద్ధతియే తొలిదినమున విఫలమైనట్లు వ్రాసికొనిన ఆచార్యులెందరు గలరు? మాటకు కరవైన పిల్లలకు ముందు మౌనము గాక కథ కావలెనని ఈ ఘట్టము తెలుపుచున్నది.

ఒక కొరత చెప్పక తప్పదు. బాలమందిరపు ఉపకరణములు వెల గలవి. అట్టి విద్య పట్టణపు కలవారి బిడ్డలకే దక్కునను ఆక్షేపణ ఆనాడే కలదు. పల్లెలోని పేదబిడ్డ మాట యేమి? గిజుభాయిగారి ఆయుస్సు ఈ ప్రశ్నకు చాలలేదు. 1936లో వీరు దక్షిణామూర్తి సంస్థనుండి వైదొలగిరి. రాజకోటలో మరల ఉపాధ్యాయ శిక్షణకు పూనుకొనిరి గాని దేహము సహకరింపలేదు. 1939 జూన్ 23వ తేదీన బొంబాయిలో పరమపదించిరి. అప్పటికి వీరి వయసు 53 సంవత్సరములు. అదే సంవత్సరము నవంబరు మాసమున మాంటిసోరిగారు మన దేశమునకు వచ్చి మదరాసునందలి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణమిచ్చిరి. ఎవరి పుస్తకముచే గిజుభాయిగారి జీవితము మారెనో ఆ మహాసాధ్వి ఈ నేలమీద కాలుపెట్టునప్పటికి అయిదు మాసములైన కాకముందే వీరు వెడలిపోయిరి.

ఆ ప్రశ్నకు జవాబు వెదకినవారు తారాబాయిగారు. 1945లో వీరు బొంబాయికి ఉత్తరమున సముద్రతీరమందలి బోర్డీ గ్రామమున గ్రామ బాలశిక్షా కేంద్రమును స్థాపించి, అనూతాయి వాఘ్‌గారి తోడుగా పనిచేసిరి. 1957లో ఆ పని కోస్‌బాడ్ కొండమీది ఆదివాసుల నడుమకు చేరెను. వెలగల ఉపకరణములకు బదులు గులకరాళ్లు, ఆకులు, గవ్వలు, గింజలు. పిల్లలు బడికి రానిచో బడియే వారి గుడిసెల ముంగిటికి పోయెను. ముంగిటి బడి యను అర్థముతో అంగన్‌వాడి యను మాట తారాబాయిగారివలననే ప్రచారమునకు వచ్చినది. 1975 అక్టోబరు 2వ తేదీన భారత ప్రభుత్వము సమగ్ర శిశు అభివృద్ధి పథకమును ఆరంభించినపుడు దాని కేంద్రములకు ఆ పేరే స్థిరపడినది. నేడు ఆంధ్ర, తెలంగాణ పల్లెలలో ఆ మాట తెలియని తల్లి లేదు. అది భావనగరపు గుట్టనుండి, కోస్‌బాడ్ కొండమీదుగా వచ్చినదని తెలిసినవారు మాత్రము తక్కువ.

దివాస్వప్నము పగటి కల యను పేరున తెలుగులోనికిని వచ్చినది. పెద్దది కాదు, ఒక్క సాయంకాలమున చదివి ముగింపవచ్చును.